ఆగి ఆగి నడిచే ఆట



రెండేళ్ళ కిందట మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం తెనాలి నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయి ఇంట్లో ఉన్నాడు. "మామయ్యా, గేమ్ స్టక్ అవుతోంది. గ్రాఫిక్స్ కార్డు మార్చాలి. నేను చెప్తే నాన్న వినడు, నువ్వు చెప్పు" అన్నాడు. ఎంతరా అది అంటే "ముప్పై వేలే" అన్నాడు. సంపాదన మొదలుపెట్టకముందు మాత్రమే వేలకు అలా ఏకారం తగిలించగలం.

నేను ఇంజనీరును కాను. చుట్టాల ఇళ్ళల్లో కంప్యూటర్ మొరాయిస్తే స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వెళ్ళే మనిషిని. పాతికేళ్ళుగా ఆ పని చేస్తూ కొన్నిటిని బాగుచేశాను, ఒకటి రెండిటిని పాడూ చేశాను. ఆ అనుభవంతో వాడికి ఒకటే చెప్పాను. "కార్డు సంగతి తర్వాత. ముందు అది ఎప్పుడు ఆగుతోందో చూసి పెట్టు. ఎందుకు అని అడగను, ఎప్పుడో చెప్పు చాలు." వచ్చే శనివారం వస్తానన్నాను.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. పిల్లలు స్టక్ అంటారు, ల్యాగ్ అంటారు, ఫ్రేమ్ డ్రాప్ అంటారు, హ్యాంగ్ అంటారు. నాలుగూ ఒకే అర్థంలో వాడేస్తారు కానీ నాలుగూ ఒకటి కావు. హ్యాంగ్ అంటే కంప్యూటర్ బిగుసుకుపోయి ఇక కదలకపోవడం. ల్యాగ్ అంటే మనం నొక్కిన మీటకు ఫలితం ఆలస్యంగా రావడం, చాలాసార్లు అది ఇంటర్నెట్ పని. ఫ్రేమ్ డ్రాప్ అంటే మొత్తం వేగమే తగ్గిపోవడం. ఇప్పుడు మనం మాట్లాడుకునేది పిల్లలు స్టక్ అనే స్టట్టరింగ్ గురించి. ఆట హాయిగా నడుస్తూ ఉంటుంది, ఉన్నట్టుండి ఒక్క క్షణం బొమ్మ కొయ్యబారుతుంది, మళ్ళీ నడుస్తుంది. చక్కగా నడిచేవాడి కాలికి రాయి తగిలినట్టు. ఆ ఒక్క క్షణంలోనే ఎదుటివాడు కాల్చేస్తాడు, అదీ పిల్లల బాధ.

ఆ క్షణం ఎంతో చూద్దాం. మామూలు మానిటర్ 60 హెర్ట్జ్‌ది. సెకనుకు 60 సార్లు తెరను కొత్తగా నింపుతుంది. అంటే ఒక్కో బొమ్మకు గడువు 16.7 మిల్లీసెకన్లు. ఆ గడువులో ప్రాసెసర్ ఎవరు ఎక్కడున్నారో లెక్క తేల్చాలి, గ్రాఫిక్స్ కార్డు ఆ లెక్కను బొమ్మగా గీయాలి. ఇప్పుడు పిల్లలు మోజుపడే 144 హెర్ట్జ్ మానిటర్‌కైతే గడువు 7 మిల్లీసెకన్లకు లోపే. ఏ బొమ్మ గడువు దాటినా తెర మీద పాత బొమ్మే నిలబడి ఉంటుంది.

టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని చూసినవాళ్ళకు ఇది తెలుసు. సినిమాకు సెకనుకు 24 బొమ్మలే. ఒక్కోటి దాదాపు 42 మిల్లీసెకన్లు తెర మీద ఉంటుంది. ఆటల లెక్కలో అది చాలా తక్కువ వేగం. అయినా ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే ప్రతి బొమ్మా తన వేళకు వచ్చేది. రీలు గేటులో ఒక్కసారి జారిందా, హాలంతా ఈలలు, "ఒరేయ్ ఆపరేటరూ" అని కేకలు. కంటికి కావలసింది వేగం కన్నా వరస.

కంప్యూటర్లలో ఈ సంగతి ఆలస్యంగా పట్టుబడింది. చాలాకాలం కార్డుల పరీక్షలన్నీ సగటు మీదే నడిచాయి. సెకనుకు సగటున 60 ఫ్రేములు వస్తే భేష్ అనేవాళ్ళు. 2011 సెప్టెంబరులో టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైటులో స్కాట్ వాసన్ అనే ఆయన, సెకను లోపల ఏం జరుగుతోందో చూద్దామని ఒక్కో ఫ్రేముకూ పట్టిన కాలాన్ని విడివిడిగా కొలిచి రాశాడు. మా బస్టాపు ఉదాహరణతో చెబుతాను. గంటకు ఆరు బస్సులని బోర్డు. ఆరూ వస్తాయి, అబద్ధం లేదు. కాకపోతే నలభై అయిదు నిమిషాలు ఒక్కటీ రాదు, తర్వాత ఆరూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని వస్తాయి. ఆటలోనూ అంతే. 59 ఫ్రేములు 8 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, అరవయ్యోది 528 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. కూడితే సరిగ్గా ఒక సెకను. సగటు 60కి 60 వచ్చింది. కానీ మధ్యలో అర సెకనుకు పైగా తెర శిలలా నిలబడింది. అందుకే ఇప్పుడు పరీక్షలు చేసేవాళ్ళు సగటుతో పాటు 'ఒక శాతం లో' అని ఇంకో అంకె ఇస్తారు. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన ఫ్రేముల సంగతి చెప్పే అంకె అది. కార్డు కొనేవాళ్ళు చూడాల్సింది దాన్ని.

శనివారం తెనాలి వెళ్ళాను. ఎండ గురించి చెప్పక్కర్లేదు. కంప్యూటర్ గది పడమటి వైపు. కేబినెట్ బల్ల కింద గోడకు ఆనించి ఉంది, దాని మీద ఒక తువ్వాలు ఆరేసి ఉంది. మా చెల్లెలు మజ్జిగ ఇస్తూ, "అన్నయ్యా, నేను పాటలు పెట్టుకున్నప్పుడు కూడా అప్పుడప్పుడూ గొంతు పట్టేస్తోంది దానికి" అంది. నెట్ వల్లమ్మా అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దాని దగ్గరికి.

మొదట తేల్చాల్సింది తప్పు ఇంట్లోదా, దారిలోదా అన్నది. ఆన్‌లైన్ ఆటలో మన కెమెరా అటూ ఇటూ తిప్పితే మెత్తగా తిరుగుతూ, ఎదుటి ఆటగాళ్ళు మాత్రం ఇక్కడ మాయమై అక్కడ తేలుతుంటే అది నెట్‌వర్క్ సంగతి. వైఫై వదిలి కేబుల్ పెట్టి చూడాలి. కెమెరా తిప్పుతున్నప్పుడే తెర మొత్తం ఆగితే తప్పు కంప్యూటర్లో ఉంది. అనుమానం తీరకపోతే నెట్ తీసేసి ఒంటరిగా ఆడే ఆట పెట్టి చూడండి. మావాడిది రెండో రకం.

తర్వాత కొలత. ఆఫ్టర్‌బర్నర్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, దాంతో పాటే రివా ట్యూనర్ అని ఇంకోటి వస్తుంది. రెండూ పెట్టుకుంటే ఆట నడుస్తుండగానే తెర మూలన అంకెలు కనిపిస్తాయి. ప్రాసెసర్ వేడి ఎంత, కార్డు వేడి ఎంత, ర్యామ్ ఎంత నిండింది, కార్డు సొంత మెమరీ ఎంత నిండింది, ఇవన్నీ. అందులో ఫ్రేమ్ టైమ్ అనే దాన్ని అంకెగా కాకుండా గ్రాఫుగా పెట్టుకోవాలి. బాగున్న కంప్యూటర్లో ఆ గీత కాలువగట్టులా చదునుగా సాగుతుంది. మావాడి తెర మీద గట్టు పొడుగునా తాటిచెట్లు మొలిచాయి.

వాడు రాసిపెట్టిన కాగితం చూశాను. నిజంగానే రాశాడు, నాకు ముచ్చటేసింది. "మొదటి ఇరవై నిమిషాలు ఓకే, తర్వాత స్టక్. కారులో స్పీడుగా వెళ్తే స్టక్. కొత్త ఏరియాకి వెళ్తే స్టక్, రెండోసారి వెళ్తే లేదు. రోజుకు రెండు మూడుసార్లు పెద్ద స్టక్, సౌండ్ కూడా పోతుంది." జ్వరం ఎప్పుడు వస్తోందో చెబితే డాక్టరుకు సగం పని అయిపోయినట్టే. ఈ నాలుగు వాక్యాల్లో నాలుగు రోగాలున్నాయి. ఒకటే అనుకుని ఒకటే మందు వేసేవాళ్ళకు ఇది ఎప్పటికీ లొంగదు.

ఇరవై నిమిషాల తర్వాత మొదలయ్యేది వేడి. ప్రాసెసర్లకు 90, 100 డిగ్రీల మధ్య ఎక్కడో ఒక గీత ఉంటుంది. అది దాటబోతే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, చల్లబడితే మళ్ళీ పెంచుకుంటుంది. ఆ తగ్గి పెరగడమే మనకు కుదుపుగా తెలుస్తుంది. గది వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలా దాదాపు అంతా పెరుగుతుంది. అందుకే జనవరిలో బాగా నడిచిన కంప్యూటర్ మేలో నత్తనడక నడుస్తుంది.

ప్లగ్ పీకి, కేబినెట్ పక్క రేకు విప్పాం. ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కల అంచులకు నల్లటి నూగు. ఫ్యాను తీస్తే దాని కింద అల్యూమినియం రేకుల మధ్య దుమ్ము పరుపులో దూదిలా ఒత్తుకుపోయి ఉంది. చిమటాతో పట్టుకుని లాగితే ఒకే ముక్కగా, చాప లాగా లేచి వచ్చింది. మా చెల్లెలు చూసి సిగ్గుపడింది, రోజూ ఊడుస్తానే అని. ఊడవడం వల్ల కాదు తల్లీ, అది మూడేళ్ళుగా గది గాలంతా పీలుస్తూ కూర్చుంది. డాబా మీదికి తీసుకెళ్ళి బ్లోయర్‌తో ఊదాం. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. అది గాలికి గిరగిరా తిరిగితే చూడముచ్చటగానే ఉంటుంది కానీ బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ మీద ఎండిపోయి సున్నంలా పెచ్చులూడుతున్న పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టాను. అంతకన్నా ఎక్కువ వద్దు. తువ్వాలు దండెం మీదికి పోయింది, కేబినెట్ గోడకు జానెడు దూరం జరిగింది. వేడి 94 నుంచి 76కు దిగింది. ఖర్చు పేస్టు ట్యూబు ఖరీదు.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకు ఇక్కడే ఒక మాట. పరుపు మీద పెట్టి ఆడితే గాలి పీల్చే కన్నాలు అడుగున మూసుకుపోతాయి. ఛార్జరు పెట్టకుండా ఆడితే బ్యాటరీ పొదుపు కోసం అదే వేగం తగ్గించుకుంటుంది. రెంటికీ రిపేరు లేదు, అలవాటు మార్చుకోవడమే.

ఇక కారు స్పీడు. మావాడి ఆటలన్నీ డి డ్రైవులో ఉన్నాయి, డి డ్రైవు అంటే పాత హార్డ్ డిస్కు. విండోస్ ఒక్కటే చిన్న ఎస్‌ఎస్‌డీలో ఉంది. చాలా ఇళ్ళల్లో ఇదే ఏర్పాటు. హార్డ్ డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, అంతకు ముందు ముల్లు పక్కకు జరగాలి. అంతా కలిపి ఒక్కసారి వెతకడానికే పన్నెండు మిల్లీసెకన్ల పైమాట. మన గడువెంత? 16.7. కారు ఊళ్ళోకి దూసుకుపోతుంటే ముందున్న వీధి, మేడలు, చెట్లు అన్నీ డిస్కు నుంచి రావాలి, ఒక్కటి కాదు వందల వెతుకులాటలు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, పదోవంతు మిల్లీసెకనులో జవాబిస్తుంది. మా బావగారి చేత ముప్పై వేలు పెట్టించకుండా, అందులో పదోవంతుకు అటూ ఇటుగా ఒక ఎస్‌ఎస్‌డీ కొనిపించాను. సినిమాలు, ఫొటోలు హార్డ్ డిస్కులోనే ఉండొచ్చు, వాటికి తొందర లేదు.

పనిలో పనిగా మిగతా భాగాలూ చూశాను. ర్యామ్ దగ్గర నాకు కొంచెం కోపం వచ్చింది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ నొక్కితే కుడివైపు కింద రెండు ముఖ్యమైన సంగతులుంటాయి, వేగం ఎంత, ఎన్ని స్లాట్లు వాడుతున్నాం అని. వీడిది వేగం 2400, నాలుగు స్లాట్లలో ఒక్కటే వాడకం. 8 జీబీ కర్ర ఒకటి. పెట్టె మీద మాత్రం 3200 అని అచ్చేసి ఉంది. అమ్మిన దుకాణంవాళ్ళు బిగించి ఇచ్చారే గాని, ఆ 3200కు నడపడానికి, కంప్యూటర్‌ను నిద్రలేపే ప్రోగ్రాం అయిన బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే ఒక మీట నొక్కాలి, అది నొక్కలేదు. డబ్బులు 3200కు ఇచ్చి మూడేళ్ళు 2400తో నడిపాడు. పైగా ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కు రెండు దారులుంటాయి. ఒకే కర్ర పెడితే ఒకే దారి. 2400 వేగంతో ఒక దారిన సెకనుకు 19.2 జీబీ పోతుంది. 3200 చేసి, రెండో కర్ర పెట్టి రెండో దారీ తెరిస్తే 51.2. రెండున్నర రెట్ల పైన. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి సాధారణంగా రెండోదీ నాలుగోదీ వాడాలి. మొదటి రెండిటిలో పెడితే రెండూ ఒకే దారిలో ఇరుక్కుంటాయి. బోర్డు పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం పారేయకండి.

కార్డు సంగతి వాడే అడిగాడు. వాడిది జీటీఎక్స్ 1650, సొంత మెమరీ 4 జీబీ. ఆటలో టెక్స్‌చర్లు అల్ట్రాలో పెట్టాడు. గోడల మీది ఇటుకలు, గడ్డిపోచలు, చొక్కా నేత, ఇవన్నీ టెక్స్‌చర్లు. అవి ఆ నాలుగు జీబీల్లో పట్టకపోతే మిగిలినవి మామూలు ర్యామ్‌లోకి పోతాయి. కార్డు తన మెమరీని సెకనుకు 128 జీబీ వేగంతో చదువుతుంది, బయటి ర్యామ్ నుంచి తెచ్చుకోవాలంటే బోర్డు మీది దారి 16 జీబీ కూడా పోనివ్వదు. ఇంట్లో బియ్యం నిండుకుని ప్రతి పూటా బజారుకు పరిగెత్తినట్టు. టెక్స్‌చర్లు మీడియంకు దించితే ఆ బాధ పోయింది. తేడా కనిపిస్తోందా అంటే, చాలాసేపు చూసి "గడ్డిలో కొంచెం" అన్నాడు. గడ్డి చూడ్డానికి ఆడుతున్నావురా అన్నాను.

ఇంకో చిన్న కిటుకు కూడా. ఫ్రేములకు పగ్గం వేయడం. కంప్యూటర్ 55కీ 90కీ మధ్య ఊగిసలాడుతుంటే, 60 దగ్గరో, అదీ కష్టమైతే ఇంకా కిందో కట్టేయండి. అదే రివా ట్యూనర్‌లో అంకె కొట్టే గడి ఉంటుంది. బొమ్మను తెర వంతు దాకా ఆపే వీ-సింక్ అనే సెట్టింగు పెట్టిన 60 హెర్ట్జ్ తెర మీద 16.7 గడువు కొంచెం తప్పినా బొమ్మ ఆ తర్వాతి వంతు దాకా, అంటే 33.3 దాకా ఆగిపోతుంది. ఈ తంటా తప్పించడానికే 2013లో ఎన్విడియా జీ-సింక్ తెచ్చింది, ఆ వెనకే ఏఎండీ ఫ్రీసింక్. కార్డు బొమ్మ ఇచ్చినప్పుడే తెర మారుతుంది, కార్డు తెర కోసం ఆగదు. ఆ సదుపాయమున్న మానిటర్ కొనుక్కుని సెట్టింగుల్లో ఆన్ చేయనివాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. ఇంకొకాయనైతే గుంటూరులో మంచి కార్డు కొని, మానిటర్ కేబుల్ మాత్రం మదర్‌బోర్డుకు గుచ్చి ఆరు నెలలు ఆడాడు. ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్సే బొమ్మలన్నీ గీసింది. కార్డు ఊరికే కూర్చుని చల్లగా ఉంది. "వేడెక్కదండీ, చాలా మంచి కార్డు" అని నలుగురికీ చెప్పాడు కూడా.

ఇక కాగితంలోని మూడో వాక్యం, కొత్త చోటికి మొదటిసారి వెళ్తే ఆగి, రెండోసారి ఆగకపోవడం. ఇందులో మన తప్పు లేదు. ఒక మంట ఎలా మెరవాలి, నీటిలో నీడ ఎలా పడాలి అని చెప్పే చిన్న చిన్న ప్రోగ్రాములు ఉంటాయి, షేడర్లంటారు. అవి ఒక్కో కార్డుకు ఆ కార్డు భాషలోకి తర్జుమా కావాలి. ప్లేస్టేషన్ లాంటి పెట్టెల్లో అందరికీ ఒకే చిప్పు కాబట్టి తయారుచేసేవాళ్ళే ముందే తర్జుమా చేసి ఇస్తారు. ఇంటి కంప్యూటర్లు ఎన్ని రకాలో లెక్క లేదు, కాబట్టి ఆ పని మన దగ్గరే జరగాలి. 2015లో డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చాక ఈ తర్జుమాను ముందే చూసుకోవాల్సిన బాధ్యత చాలావరకు ఆట రాసేవాళ్ళ మీద పడింది. కొందరు శ్రద్ధగా చేశారు, కొందరు మంట అంటుకున్న క్షణంలో తర్జుమాకు కూర్చుంటారు. 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు ఖరీదైన కార్డులున్నవాళ్ళు కూడా కుదుపులని గోల పెట్టారు. అంత గొప్ప ఆటకు ఆ మచ్చ ఎందుకు మిగిలిందో నాకిప్పటికీ మింగుడుపడదు. మనం చేయగలిగింది ఒకటే. ఆట మొదట్లో 'షేడర్లు సిద్ధమవుతున్నాయి' అని గీత కనిపిస్తే దాటేయకుండా దాన్ని పూర్తి కానివ్వాలి. వెళ్ళి టీ తాగి రండి. గ్రాఫిక్స్ డ్రైవరు అప్‌డేట్ చేస్తే పాత తర్జుమాలు చెల్లవు, మళ్ళీ మొదటి రోజు కుదుపులుంటాయి. అప్‌డేట్ చెడగొట్టిందని కంగారుపడి వెనక్కి మార్చకండి.

గేమ్ బూస్టర్లని, ఒక్క నొక్కుతో రెట్టింపు వేగమని, డ్రైవర్లన్నీ మేమే వెతికిస్తామని వచ్చేవి మాత్రం పెట్టకండి. మావాడి దగ్గర అలాంటివి మూడున్నాయి. మూడూ తీసేస్తే కంప్యూటర్ ఊపిరి పీల్చుకుంది. దొంగ కాపీ ఆటల సంగతి ఇంకా ఘోరం. ఆటతో పాటు మన కార్డు మీద వేరెవరికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టే ప్రోగ్రాం కూడా దిగొచ్చు. ఆట మూసేశాక కూడా ఫ్యాన్లు హోరెత్తుతుంటే అనుమానించాలి.

ఇవన్నీ ఒకేరోజు చేయలేదు. ఒక్కటి మార్చడం, అదే ఆట అదే చోట పది నిమిషాలు ఆడడం, గ్రాఫు చూడడం, కాగితం మీద రాయడం. అయిదు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో బ్రహ్మకు కూడా తెలియదు. అలా మూడు వారాలకు తాటిచెట్లన్నీ పోయాయి. గట్టు చదునైంది.

ఒక్కటి తప్ప. రోజుకు రెండు మూడుసార్లు, వేళాపాళా లేకుండా, ఒక సెకనో రెండు సెకన్లో అంతా నిలిచిపోయేది. మౌసు బాణం కదలదు, మాట ఒకే అక్షరం మీద గరగరలాడుతుంది, తర్వాత ఏమీ జరగనట్టు నడుస్తుంది. వేడి లేదు, మెమరీ నిండలేదు, డిస్కు ఖాళీగా ఉంది. నేను ఓడిపోయాననుకున్నాను. కార్డు కొనిపిద్దాం లెండి అని బావగారితో అనబోయాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది మా చెల్లెలి మాట, పాటలు పెట్టుకున్నప్పుడు కూడా గొంతు పట్టేస్తోందని. ఆట లేనప్పుడూ ఆగుతోందంటే తప్పు ఆటదీ కాదు, కార్డుదీ కాదు. మూడు వారాల కిందటే ఆవిడ చెప్పింది. నేనే నెట్ అని కొట్టిపారేశాను.

వీడి ప్రాసెసర్ ఏఎండీ రైజెన్. విండోస్ 11 రావాలంటే కంప్యూటర్లో టీపీఎం అనే భద్రతా విభాగం ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. రైజెన్‌లో అది విడి చిప్పుగా కాకుండా ప్రాసెసర్ లోపలే నడుస్తుంది, ఎఫ్‌టీపీఎం అంటారు. అది తన లెక్కలు రాసుకోవడానికి మదర్‌బోర్డు మీద బయోస్ ఉండే చిన్న చిప్పు దగ్గరికి వెళ్తుంది. కొన్ని కంప్యూటర్లలో ఆ రాతకోతలు సాగిపోయి, అవి అయ్యేదాకా మిగతా కంప్యూటర్ అంతా చేతులు కట్టుకుని నిలబడుతోందని 2022 మార్చిలో ఏఎండీయే ఒప్పుకుంది. సవరణ కొత్త బయోస్‌లలో మే నుంచి రావడం మొదలైంది. వీడి బోర్డు అంతకు ముందు కొన్నది. బయోస్ తేదీ చూస్తే 2021.

బయోస్ మార్చడం పెద్ద పనేం కాదు. బోర్డు మీద అచ్చేసిన మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా చూసుకుని, ఆ కంపెనీ ఇచ్చే ఫైలు పెన్‌డ్రైవులో వేసుకుని, బయోస్‌లోకి వెళ్ళి నడిపించడమే. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్నవాళ్ళు దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోవాలి, తర్వాత అడగొచ్చు. అసలు భయం వేరే. అది రాసుకుంటున్న నాలుగైదు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. జూన్ నెల, సాయంత్రం, ఆకాశం మబ్బుగా ఉంది.

ఇన్వర్టరు ఉంది కదా అన్నారు బావగారు. ఇన్వర్టరు మారేటప్పుడు రెప్పపాటు ఖాళీ ఉంటుంది, ఫ్యానుకు తెలియదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. వెనక చిన్న స్విచ్ ఉందేమో చూడమన్నాను. ఉంది, యూపీఎస్ అని ఒక వైపు, మామూలు అని ఒక వైపు. యూపీఎస్ వైపు జరిపాం. నమ్మకం కుదరక, కంప్యూటర్ ఊరికే నడుస్తుండగా బావగారిని మెయిన్ ఆపమన్నాను. ఫ్రిజ్ ఆగింది, వీధి గదిలో ట్యూబులైటు ఆగింది, కంప్యూటర్ ఆగలేదు. మళ్ళీ ఆపమన్నాను. ఆగలేదు. మూడోసారి బావగారే "చాల్లెండి, ఫ్రిజ్ చచ్చిపోతుంది" అన్నారు.

మొదలుపెట్టాం. తెర మీద గీత నింపాదిగా నిండుతోంది. వంటింట్లోంచి మా చెల్లెలు, "అన్నయ్యా, చట్నీకి మిక్సీ వేసుకోనా?" అంది. ముగ్గురం ఒకేసారి వద్దని అరిచాం. మిక్సీకీ బయోస్‌కూ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా అరిచాను. గీత నిండింది, తెర నల్లబడింది, ఫ్యాను ఆగి మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. మావాడి ముఖం చూడలేకపోయాను. నిమిషంన్నర తర్వాత బోర్డు కంపెనీ బొమ్మ పడింది.

మర్నాడు నేను విజయవాడ వచ్చేశాను. వారం దాకా ఫోన్ లేదు. వారం తర్వాత చేశాడు. పెద్ద స్టక్ ఒక్కసారి కూడా రాలేదట, వాళ్ళమ్మ పాటలు కూడా నిక్షేపంగా వస్తున్నాయట. "కానీ మామయ్యా, గేమ్ ముందుకన్నా కొంచెం డల్‌గా అనిపించింది. టాస్క్ మేనేజర్‌లో చూశా. మెమరీ మళ్ళీ 2400 అని ఉంది. బయోస్ కొత్తది వేస్తే మన సెట్టింగులు పోతాయి కదా, ఎక్స్‌ఎంపీ ఆఫ్ అయిపోయి ఉంటుంది."

"మరి పెట్టమంటావా, నేను రానా?" అన్నాను.

"పెట్టేశా. 3200 చూపిస్తోంది."